టీవీ వద్దని రెండుసార్లు ఓటేసిన ఊరు: ఇన్యూట్ టెలివిజన్ కథ

కెనడా ఉత్తరాన, ఆర్కిటిక్ వలయానికి పైన, ఒక చిన్న దీవి మీద ఇగ్లూలిక్ అనే ఊరుంది. టీవీ కావాలా వద్దా అని 1975లో అక్కడ ఓటింగ్ పెట్టారు. ఊరు వద్దంది. 1979లో మళ్ళీ ఓటింగ్ జరిగింది, మళ్ళీ వద్దంది. 1983లో ఒప్పుకుంది.

ఈ కథను ఎక్కువమంది రెండు రకాలుగా చెబుతారు. కొందరికి ఇది ఆధునికతను ధైర్యంగా కాదన్న ఊరి కథ. మరికొందరికి కాలానికి ఎదురీది చివరికి లొంగిపోయిన ఊరి కథ. నాకు రెండూ సరికాదనిపిస్తాయి. 1975కీ 1983కీ మధ్య ఊరి మనసు మారలేదు, ఊరికి ఇవ్వజూపిన టీవీ మారింది. అది ఎలా మారిందో తెలియాలంటే సీబీసీ నార్త్, ఐబీసీ, టీవీఎన్‌సీ, ఏపీటీఎన్, ఉవగుట్ టీవీ అంటూ ఒకదానితో ఒకటి కలిసిపోయే ప్రసార సంస్థల పేర్ల చిక్కు విప్పుకోవాలి. ఒకదాని పేరు చెప్పి మరొకదాని చరిత్ర రాసిన వ్యాసాలు చాలా కనిపిస్తాయి.

ఎవరి ఊళ్ళు, ఎంత దూరం

ఇన్యూట్‌లు ఆర్కిటిక్ మూలవాసులు. పాత పుస్తకాల్లో 'ఎస్కిమో' అని కనిపించేది ఎక్కువగా వీళ్ళ గురించే. ఆ పేరు వాళ్ళు పెట్టుకున్నది కాదు, ఇప్పుడు వాడటం మర్యాద కాదు. కెనడాలో వీళ్ళ జనాభా 2021 లెక్కల ప్రకారం దాదాపు 70 వేలు. అందులో పెద్ద భాగం ఉండే నునావుట్ ప్రాంతం 1999 ఏప్రిల్ 1న విడిగా ఏర్పడింది. విస్తీర్ణం సుమారు 20 లక్షల చదరపు కిలోమీటర్లు. అంత నేలలో ఉన్నవి 25 ఊళ్ళు. ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి రోడ్డు లేదు, దక్షిణ కెనడాకూ లేదు. విమానం, మంచు కరిగిన కొన్ని వారాల్లో ఓడ, ఇరుగుపొరుగు ఊళ్ళకైతే మంచు మీద బండి. తూర్పు ప్రాంతపు ఇన్యూట్ భాషను ఇనుక్టిటుట్ అంటారు. దానికి సొంత లిపి ఉంది.

టీవీ స్టేషన్ అంటే ఏమేమి

మామూలుగా స్టేషన్ అంటే ఒక భవనం, ఒక టవర్ అనుకుంటాం. నిజానికి అందులో నాలుగు వేర్వేరు పనులున్నాయి. కార్యక్రమం తీయడం ఒకటి. దాన్ని పైకి, ఉపగ్రహానికి పంపడం రెండోది, దీన్ని అప్‌లింక్ అంటారు. ఉపగ్రహం నుంచి దిగిన సిగ్నల్‌ను ఊళ్ళోని డిష్‌తో పట్టి, చిన్న ట్రాన్స్‌మిటర్‌తో ఇళ్ళకు చేర్చడం మూడోది. ఏ కార్యక్రమం ఏ వేళకు వెయ్యాలో తేల్చడం నాలుగోది.

నగరాల్లో ఈ నాలుగూ ఒకే సంస్థ చేతిలో ఉంటాయి కాబట్టి వాటిని విడదీసి చూడాల్సిన అవసరం రాదు. ఆర్కిటిక్‌లో అవి ఒక్కొక్కటిగా, ఏళ్ళ తేడాతో, వేర్వేరు చేతుల్లోకి వచ్చాయి. ఇన్యూట్ టీవీ చరిత్రంతా ఈ నాలుగు పనుల్లో ఏది ఎప్పుడు ఎవరి చేతికొచ్చిందన్నదే.

విమానంలో వచ్చిన టేపులు

కెనడా ప్రభుత్వ ప్రసార సంస్థ సీబీసీ 1967లో ఉత్తరాదికి టీవీ మొదలుపెట్టింది. ఫ్రాంటియర్ కవరేజ్ ప్యాకేజ్ అన్నది ఆ పథకం పేరు. రోజుకు నాలుగు గంటల కార్యక్రమాలు టేపుల మీద వెళ్ళేవి. మొదట యెల్లోనైఫ్, తర్వాత మరికొన్ని ఊళ్ళు. టేపు ఒక ఊళ్ళో వేశాక విమానమెక్కి ఇంకో ఊరికి పోయేది, అందుకని కార్యక్రమాలు వారాల తర్వాత అందేవి. తీసిందంతా దక్షిణాదిలోనే, ఇంగ్లీషు మాటే. మన నాలుగు పనుల్లో అక్కడికి చేరింది మూడోదానిలో సగం, ఇళ్ళకు చేర్చడం మాత్రమే.

తర్వాత ఉపగ్రహం వచ్చింది. 1969లో ఏర్పడిన టెలిశాట్ కెనడా సంస్థ 1972 నవంబరులో అనిక్ ఎ1ను పంపింది. ఒక దేశం తన సొంత అవసరాల కోసం భూస్థిర కక్ష్యలో నిలిపిన సమాచార ఉపగ్రహాల్లో ప్రపంచంలోనే ఇది మొదటిది. 'అనిక్' ఇనుక్టిటుట్ మాటే, సోదరుడని అర్థం. 1973లో ఉత్తరాది ఊళ్ళకు సీబీసీ ప్రత్యక్ష ప్రసారం మొదలైంది. పేరైతే ఇన్యూట్ భాషలో ఉంది కానీ, ఆ ఉపగ్రహం మోసుకొచ్చిన కార్యక్రమాల్లో ఆ భాష దాదాపు వినబడలేదు.

పిడికిలి ఎత్తున నిలిచే ఉపగ్రహం

ఉత్తరాదికి ఉపగ్రహమే దారి అని ఎందుకు అనుకున్నారో, ఆ దారి ఎందుకు ఖరీదైనదో ఒక చిన్న లెక్కతో చూడొచ్చు. భూస్థిర ఉపగ్రహం భూమధ్యరేఖకు సరిగ్గా పైన, సుమారు 35,786 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతుంది. భూమితో సమానంగా తిరగడం వల్ల మనకు ఆకాశంలో ఒకేచోట నిలిచినట్టు ఉంటుంది. భూమధ్యరేఖ దగ్గరివాళ్ళకు అది నడినెత్తిన కనబడాలి. ఉత్తరానికి పోయేకొద్దీ దిగంతం వైపు వాలిపోతుంది. 81 డిగ్రీల అక్షాంశం దాటాక అసలు కనబడదు.

ఇగ్లూలిక్ దాదాపు 69 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. ఉపగ్రహం సరిగ్గా అదే రేఖాంశం మీద ఉందనుకున్నా, అక్కడి నుంచి చూస్తే దిగంతానికి 12 డిగ్రీల పైన మాత్రమే ఉంటుంది. ఉపగ్రహం తూర్పుకో పడమరకో 20 డిగ్రీలు జరిగి ఉంటే ఇంకొంచెం తగ్గి 11కు వస్తుంది. చెయ్యి ముందుకు చాచి పిడికిలి బిగిస్తే అది ఆకాశంలో సుమారు 10 డిగ్రీలు కప్పుతుంది. అంటే దిగంతం మీద ఒక పిడికిలి ఎత్తు, అంతే. మధ్యలో ఒక కొండో గోడో అడ్డొస్తే సిగ్నల్ పోతుంది. ఉపగ్రహం నడినెత్తిన ఉంటే సిగ్నల్ ఎంత గాలి పొరను దాటాలో, ఈ ఏటవాలులో దానికి ఐదు రెట్లు దాటాలి. అందుకే డిష్‌లు పెద్దవి కావాలి, జాగ్రత్తగా అమర్చాలి.

పట్టుకోవడానికే ఇంత శ్రమ. ఊరి నుంచి పైకి పంపాలంటే శక్తిమంతమైన అప్‌లింక్ పరికరాలు, అనుమతులు, ఉపగ్రహంలో అద్దెకు తీసుకున్న స్థలం కూడా కావాలి. 1974లో ప్రభుత్వం 500 మందికి పైగా ఉన్న ఊళ్ళన్నింటికీ సీబీసీ అందాలని మరో పథకం పెట్టింది. దాని డబ్బు పట్టుకునే పరికరాలకు పోయింది. ఊళ్ళలో కార్యక్రమాలు తీయడానికి అందులో డబ్బు లేదు.

ఇగ్లూలిక్ కాదన్నది దేన్ని

1975 నాటి ఓటును ఈ వెలుగులో చూడాలి. ఆ రోజున ఊరి ముందు పెట్టిన టీవీలో తమ భాష దాదాపు లేదు. తమవాళ్ళు తీసింది లేదు, తిరిగి మాట్లాడే వీలు లేదు. అప్పటికే పిల్లలు ఇంగ్లీషు బడుల్లో చదువుతున్నారు. వేట శిబిరాల మధ్య తిరిగే కుటుంబాలు స్థిరమైన ఊళ్ళలోకి వచ్చి ఒక తరమైనా గడవలేదు. సాయంత్రాలు ఇళ్ళల్లో పెద్దలు కథలు చెప్పే వేళలు. ఆ వేళల్లోకి ఇంగ్లీషు గొంతు వచ్చి కూర్చుంటే ఏమవుతుందో ఊహించడానికి వాళ్ళకు పరిశోధనలు అక్కర్లేదు, బడి ఏం చేసిందో కళ్ళారా చూశారు.

యంత్రం మీద అయిష్టం కాదనడానికి ఆ ఊళ్ళోనే ఒక సాక్ష్యముంది. జకారియాస్ కునుక్ అనే యువకుడు రాతి శిల్పాలు చెక్కేవాడు. 1981లో మాంట్రియల్ వెళ్ళి, శిల్పాలు అమ్మిన డబ్బుతో వీడియో కెమెరా, రికార్డరు, టీవీ కొనుక్కొచ్చాడు. తండ్రీ, ఆయన స్నేహితులూ వేటకు వెళ్ళి వచ్చి చెప్పుకునే కబుర్లను చిత్రీకరించాలన్నది అతని కోరిక. ఇంట్లో ఆ టేపులు చూస్తుంటే పిల్లలు కిటికీ బయట గుమిగూడి తొంగిచూసేవారని అతనే తర్వాత రాశాడు. టీవీకి వద్దని రెండుసార్లు ఓటేసిన ఊరి పిల్లలే వాళ్ళు.

ఇనుక్షుక్: మాట రెండువైపులా నడిచిన ప్రయోగం

మంచు మైదానాల్లో దారి చూపడానికి రాళ్ళు పేర్చి నిలిపే గుర్తును ఇనుక్షుక్ అంటారు. ఇన్యూట్‌ల రాజకీయ సంస్థ ఇన్యూట్ తపిరిసత్ 1980–81లో ఆ పేరుతో ఒక ప్రయోగం చేసింది. అనిక్ బి ఉపగ్రహం ద్వారా ఆరు ఊళ్ళను కలిపింది. బొమ్మ ఒక్క చోటి నుంచే వెళ్ళేది, మాట మాత్రం అన్ని ఊళ్ళ నుంచీ తిరిగి వచ్చేది. తెర మీద ఒక పెద్దాయన మాట్లాడుతుంటే వందల కిలోమీటర్ల దూరంలోని ఇంకో ఊరివాళ్ళు అక్కడికక్కడే ప్రశ్న అడగవచ్చు. శిక్షణ పొంది కెమెరాలు పట్టింది ఇన్యూట్ యువతే.

అదే సమయంలో ప్రసార నియంత్రణ సంస్థ సీఆర్‌టీసీ వేసిన కమిటీ 1980లో నివేదిక ఇచ్చింది. థెరియన్ కమిటీ అని దాన్ని పిలుస్తారు. మూలవాసులు తమ భాషలను, సంస్కృతిని నిలుపుకోవడానికి ప్రసార సాధనాలను వాడుకునే వీలుండాలని అది చెప్పింది. 1981లో ఇన్యూట్ బ్రాడ్‌కాస్టింగ్ కార్పొరేషన్, అంటే ఐబీసీ, లైసెన్సు పొందింది. 1982 జనవరి 11న మొదటి ప్రసారం వెళ్ళింది. ఆ మరుసటి ఏడే ఇగ్లూలిక్ సరేనంది. ఐబీసీ అక్కడ ఒక నిర్మాణ కేంద్రం పెట్టింది, కునుక్ అందులో చేరాడు.

నాలుగు పనుల్లో మొదటిది, కార్యక్రమం తీయడం, ఇలా ఊళ్ళ చేతికి వచ్చింది.

అర్ధరాత్రి దాటాక మన భాష

ఇక్కడే కథ చిక్కుపడుతుంది. ఐబీసీకి సొంత చానల్ లేదు. తీసినవాటిని సీబీసీ ఉత్తరాది సర్వీసులో, అంటే సీబీసీ నార్త్‌లో, సీబీసీ ఇచ్చిన వేళల్లో వేయాలి. అవి రాత్రి బాగా పొద్దుపోయాక, తరచు అర్ధరాత్రి తర్వాత దొరికేవి. హాకీ మ్యాచ్ ఎక్కువసేపు నడిస్తే ఇనుక్టిటుట్ కార్యక్రమం ఇంకా వెనక్కు పోయేది. సీబీసీ వైపు వాదన కూడా తీసిపారేసేది కాదు. ఒకే సిగ్నల్ దేశపు ఉత్తర భాగమంతా చూస్తుంది, అందులో వేర్వేరు భాషలవాళ్ళున్నారు, ఒక భాషకు మంచి వేళ ఇస్తే మిగతావాళ్ళు కోల్పోతారు. పైగా గడియారాలూ కలవవు. ఒక్క నునావుట్‌లోనే, రాజధాని ఇకాలుయిట్‌లో రాత్రి 12 అయితే రాంకిన్ ఇన్‌లెట్ అనే ఊళ్ళో 11, కేంబ్రిడ్జ్ బే అనే ఊళ్ళో 10.

పిల్లల కార్యక్రమం విషయంలో ఈ చిక్కు బాగా అర్థమవుతుంది. ఐబీసీ 'తకుగినై' పేరుతో ఆడించే బొమ్మలతో ఇనుక్టిటుట్ నేర్పే కార్యక్రమం తీసింది, చాలా ఏళ్ళు నడిపింది. ఆరేళ్ళ పిల్లకు భాష నేర్పాల్సిన కార్యక్రమం ఆ పిల్ల మెలకువగా ఉన్న వేళకు పడకపోతే, ఎంత బాగా తీసీ లాభం లేదు. వేళ నిర్ణయించే అధికారాన్ని నేను విడిగా నాలుగో పనిగా లెక్కపెట్టింది ఇందుకే.

గంటల లెక్క కూడా చూడండి. 1983లో ప్రభుత్వం ఉత్తరాది ప్రసార విధానం ప్రకటించి, 13 మూలవాసి ప్రసార సంఘాలకు నాలుగేళ్ళకు 4.03 కోట్ల కెనడా డాలర్లు కేటాయించింది. లక్ష్యం వారానికి ఐదు గంటల టీవీ, ఇరవై గంటల రేడియో. ఒక చానల్ రోజుకు 18 గంటలు నడుస్తుందనుకుంటే వారానికి 126 గంటలు. అందులో ఐదు గంటలంటే నూటికి నాలుగు పాళ్ళు. ఇక డబ్బు. 13 సంఘాలకూ సమానంగా పంచారనుకుందాం, నిజానికి అలా పంచలేదు, లెక్క కోసం మాత్రమే. ఒక్కో సంఘానికి ఏడాదికి సుమారు 7.75 లక్షల డాలర్లు. అదంతా టీవీకే పెట్టినా, ఏడాదికి 260 గంటల కార్యక్రమాలు తీయాలంటే గంటకు మూడు వేల డాలర్లలోపే. జీతాలు, విమాన ఛార్జీలు, కెమెరాల మరమ్మత్తులు అన్నీ అందులోంచే. రేడియో ఖర్చు ఇంకా తీయనేలేదు.

ఆ విధానంలో తీయడానికి డబ్బుంది, చేర్చడానికి దారి లేదు. అదే కాలంలో కాన్‌కామ్ అనే ప్రైవేటు కంపెనీ దక్షిణాది చానళ్ళను, అమెరికా చానళ్ళను కూడా ఉపగ్రహం మీద మారుమూల ఊళ్ళకు దించడం మొదలుపెట్టింది. పెరిగిన ఇంగ్లీషు గంటల పక్కన ఆ ఐదు గంటలు ఇంకా చిన్నవైపోయాయి.

టీవీ భాషను చంపుతుందా, కాపాడుతుందా

ఐబీసీ అధ్యక్షురాలిగా పనిచేసిన రోజ్‌మేరీ కుప్తానా దక్షిణాది టీవీని న్యూట్రాన్ బాంబుతో పోల్చింది. ఆ బాంబు పడితే మనుషులు పోతారు, కట్టడాలు నిలిచే ఉంటాయి. ఊళ్ళు చూడ్డానికి అలాగే ఉంటాయి, లోపల భాష, బంధం పోతాయి అన్నది ఆమె భయం. ఇన్యూట్ టీవీకి డబ్బు అడిగిన ప్రతి వేదిక మీదా ఈ వాదన ఏదో రూపంలో వినబడింది.

దీనికి ఎదురు నిలిచే వాదనల్లో బలమైనది సమానత్వం. టొరంటోలో ఉన్నవాడికి వార్తలు, పార్లమెంటు చర్చలు, ఆటలు అందుతుంటే ఆర్కిటిక్ పౌరుడికి ఎందుకు అందకూడదు? చాలా ఊళ్ళు టీవీని సంతోషంగా తీసుకున్నాయి. ఇగ్లూలిక్ ఓటు అందరి ఓటు కాదు. భాష తగ్గడానికి టీవీని ఒక్కదాన్నే ముద్దాయిని చేయడం కూడా తప్పని మరికొందరంటారు. టీవీకంటే ముందే బడులు పిల్లల్ని భాషకు దూరం చేశాయి, ఉద్యోగాలు ఇంగ్లీషు అడిగాయి. ఈ మాటను నేను ఒప్పుకుంటాను. కానీ దాని నుంచి టీవీ పాత్ర చిన్నదని తేల్చడం కుదరదు. బడి పగటిపూట తీసుకున్నదాన్ని ఇల్లు సాయంత్రం తిరిగి ఇచ్చేది. టీవీ వచ్చి కూర్చున్నది ఆ సాయంత్రంలోనే.

ఇంకో వాదన లోపలి నుంచే వచ్చింది. కార్యక్రమం ఇన్యూట్ చేతుల్లో తయారైనంత మాత్రాన ఇన్యూట్ కార్యక్రమం అవుతుందా? వార్తా బులెటిన్ తీరు, చిన్న ముక్కలుగా కోసే కూర్పు, దూరాన ఉన్న కార్యాలయం తీసుకునే నిర్ణయాలు, ఇవన్నీ సీబీసీ అచ్చులోవే కదా అని కొందరు అడిగారు. కునుక్ 1990లో పాల్ అపక్, పౌలూసీ కులిటలిక్, నార్మన్ కోన్‌లతో కలిసి ఇగ్లూలిక్‌లోనే ఇసుమా అనే సొంత సంస్థ పెట్టాడు. ఇసుమా అంటే ఆలోచన. ఊరివాళ్ళే నటులుగా, పెద్దలే సలహాదారులుగా పాత జీవితాన్ని తిరిగి ఆడి చూపించే పద్ధతి వాళ్ళది. 2001లో వాళ్ళు తీసిన ఇనుక్టిటుట్ కథాచిత్రానికి కాన్ చలనచిత్రోత్సవంలో తొలి చిత్రానికిచ్చే కెమెరా దోర్ వచ్చింది. అలాగని ఐబీసీది వృథా ప్రయాస అనడం అన్యాయం. అపక్, కునుక్ ఇద్దరూ పని నేర్చుకున్నది ఐబీసీలోనే.

సొంత దారి, తర్వాత పెద్ద ఇల్లు

దారి సమస్యకు జవాబుగా వచ్చింది టెలివిజన్ నార్తర్న్ కెనడా, టీవీఎన్‌సీ. ఐబీసీ, ఇతర మూలవాసి సంఘాలు, ఉత్తరాది ప్రభుత్వాలు కలిసి నడిపిన నెట్‌వర్క్ అది. ప్రభుత్వం కోటి డాలర్లు ఇచ్చింది. 1992 జనవరిలో 90కి పైగా ఊళ్ళకు ప్రసారం మొదలైంది. రెండో పని, నాలుగో పని ఒకేసారి చేతికొచ్చాయి. ఇక హాకీ ముగిసేదాకా ఆగనక్కర్లేదు. కాకపోతే 1990 బడ్జెట్‌లో మూలవాసి ప్రసారాల నిధులు తగ్గాయి, కాబట్టి దారి వచ్చే నాటికి తీసేవాళ్ళ జేబు చిక్కిపోయింది. 1991 నాటి ప్రసార చట్టం కూడా మూలవాసి సంస్కృతులను చూపే కార్యక్రమాలు ఉండాలంటూనే 'వనరులు సమకూరే మేరకు' అన్న మెలిక పెట్టింది.

టీవీఎన్‌సీ నుంచే 1999 సెప్టెంబరు 1న ఏపీటీఎన్ పుట్టింది. కెనడా మూలవాసులందరికీ ఒకే జాతీయ నెట్‌వర్క్, కేంద్రం విన్నిపెగ్. దాని బలం ఒక నియమంలో ఉంది. దేశంలోని కేబుల్, ఉపగ్రహ కంపెనీలన్నీ దాన్ని ప్రాథమిక ప్యాకేజీలో తప్పనిసరిగా చూపాలి, చందాదారు ఒక్కొక్కరికి రుసుము చెల్లించాలి, మొదట్లో అది నెలకు 15 సెంట్లు. 15 సెంట్లు చిల్లరే. 10 లక్షల చందాదారులైతే నెలకు 1.5 లక్షల డాలర్లు, ఏడాదికి 18 లక్షలు. 50 లక్షల మందైతే 90 లక్షలు. పైగా ఇది ఏటేటా బడ్జెట్‌ను నమ్ముకోనక్కర్లేని రాబడి.

ఇన్యూట్‌ల వైపు నుంచి చూస్తే ఈ లాభానికి ఒక ధర ఉంది. జాతీయ నెట్‌వర్క్ దేశమంతటి ప్రేక్షకులకు అర్థం కావాలి. ఇంగ్లీషు, ఫ్రెంచి పెరుగుతాయి, మిగిలిన గంటలను ఎన్నో మూలవాసి భాషలు పంచుకోవాలి. ఆర్కిటిక్ ఊళ్ళు తమ కోసం కట్టుకున్న దారి మీద ఇప్పుడు దేశమంతా నడుస్తోంది. ఏపీటీఎన్ వాదన ఏమిటంటే, దక్షిణాది నగరాల్లోని మూలవాసులకూ తెర కావాలి, ఈ రాబడి లేకపోతే ఉత్తరాది ప్రసారమే నిలవదు. రెండు మాటలూ నిజమే. ఏది ముఖ్యమన్నది మీరు ఏ ఊళ్ళో కూర్చుని చూస్తున్నారన్న దాన్ని బట్టి ఉంటుంది.

2021లో వచ్చిన చానల్

2021 జనవరి 18న ఉవగుట్ టీవీ మొదలైంది. ఉవగుట్ అంటే మన. రోజంతా ఇన్యూట్ భాషలో నడిచే మొదటి కెనడా చానల్ ఇది. వెనుక ఉన్నది ఇసుమా వాళ్ళే. ఆ మరుసటి ఏడు ఇన్యూట్ టీవీ అనే మరో నెట్‌వర్క్ వచ్చింది. వాడుకలో 'ఇన్యూట్ టీవీ' అంటే మొత్తం ఉద్యమమూ కావచ్చు, ఈ ఒక్క సంస్థా కావచ్చు, కాబట్టి చదివేటప్పుడు ఏ ఏడాది సంగతో గమనించాలి. ఐబీసీ ఇప్పటికీ ఉంది. 2015లో ఇకాలుయిట్‌లో దానికి కొత్త స్టూడియో భవనం వచ్చింది.

ఇంటర్నెట్ ఉండగా చానల్ ఎందుకని ఎవరైనా అడగవచ్చు. నునావుట్‌లో ఇంటర్నెట్ కూడా చాలాకాలం ఆ పిడికిలి ఎత్తు ఉపగ్రహాల మీదే ఆధారపడింది. నెమ్మది, ఖరీదు. ఇసుమా వాళ్ళు 2008లో వీడియో వెబ్‌సైట్ మొదలుపెట్టాక, అది ఊళ్ళలో సరిగా తెరుచుకోక, వీడియోలన్నీ ముందే నింపి ఉంచిన యంత్రాలను కొన్ని ఊళ్ళలో అమర్చాల్సి వచ్చింది. టీవీ సిగ్నల్‌కు ఆ ఇబ్బంది లేదు. ఒక్కసారి దిగితే ఊళ్ళో పది ఇళ్ళు చూసినా వెయ్యి ఇళ్ళు చూసినా ఖర్చు ఒకటే. తరగతిలో ఇనుక్టిటుట్ నేర్పే టీచరు, వేట కబుర్లు గుర్తుచేసుకునే ముసలాయన, బొమ్మల కార్యక్రమం చూసే పిల్ల డేటా లెక్క చూసుకోకుండా చూడగలరు. ఎనభైల నాటి టేపుల్లో గొంతు మిగిలిన పెద్దల్లో చాలామంది ఇప్పుడు లేరు. వాళ్ళ మాటలు ఇప్పుడు ఆ చానల్‌లో పగటిపూట వినబడుతున్నాయి.